అయ్యన్న స్టూడియోలో తిమ్మయ్య ఫోటో

ఎర్రగుంట్లలో నా టైలరు కొట్టును ఆనుకునే అయ్యన్న ఫోటో స్టూడియో ఉండేది. అయ్యన్న ఒట్టి మొండివాడు. అందరూ డిజిటల్‌కు మారిన రెండేళ్లకు గానీ కంప్యూటర్ కొనలేదు. కొన్నాక దాన్నీ తన పాత పద్ధతిలోనే వాడుకున్నాడు. రీళ్ల కాలంలో, పని అయిపోయిన నెగటివులన్నీ బల్ల కింద రేకు డబ్బాలో వేసేవాడు. ఇంట్లో మనిషి పోతే పటం కోసం జనం మళ్లీ తన దగ్గరికే వస్తారని అతనికి తెలుసు. కంప్యూటర్లో రీసైకిల్ బిన్ కూడా అలాంటి డబ్బానే అనుకున్నాడు. ఇచ్చేసిన ఫోటోలన్నీ అందులో పడేసి, కావలసినప్పుడు వెనక్కి తీసుకునేవాడు. అది చెత్తబుట్టయ్యా అని నేనంటే, "బట్టలు కుట్టేవానివి, నీకేం తెలుసప్పా" అన్నాడు.

2006 ఎండాకాలంలో ఆ కంప్యూటర్ మొరాయించింది. ఒక్క ఫోటో తెరుచుకునేలోపు నేను చొక్కాకు గుండీలన్నీ కుట్టేసేవాణ్ణి. పెళ్లి ఆల్బములన్నీ ఎదురు స్టూడియోకు పోయాయి. చివరికి అయ్యన్న కడప నుంచి ఒక సీడీ తెచ్చుకున్నాడు. అక్కరలేనివన్నీ తుడిచేసి కంప్యూటర్ వేగం పెంచే సాఫ్ట్‌వేరట. అది అడిగిన ప్రతిదానికీ సరే అని నొక్కాడు. కంప్యూటర్ చకచకా నడిచింది. ఆ సంబరంలో నాకు టీ కూడా తెప్పించాడు. బిన్ ఖాళీ అయిన సంగతి చూసుకోలేదు.

వారం తర్వాత హులిగెమ్మ పాపను చంకనేసుకుని వచ్చింది. ఆమె, మొగుడు తిమ్మయ్య ఆదోని దిక్కు నుంచి నాపరాయి పాలిష్ పనికి వచ్చినవాళ్లు. తిమ్మయ్య బతుకులో ఒక్కసారే ఫోటో దిగాడు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు కోసం, అయ్యన్న దగ్గరే. ఆ కార్డు జేబులో ఉండగానే లారీ కింద పడి చనిపోయాడు. కార్డు కూడా నుజ్జయింది.

"దినానికి పటం కట్టించల్లన్నా. ఆ ఫోటోనే పెద్దది చేసియ్యి" అంది.

అయ్యన్న బిన్ తెరిచాడు. మూసి మళ్లీ తెరిచాడు. ఏమీ లేదు. కంప్యూటర్‌ను కడపకు మోసుకుపోయి మెకానిక్‌కు చూపించాడు. పాతవాటి మీద కొత్త ఫోటోలు పడ్డాయి, ఇక రావన్నాడు మెకానిక్. తిరిగొచ్చి, షట్టరు సగం దించుకుని అయ్యన్న ఏడ్చాడు. తిట్టాలని పోయిన నేను పక్కన కూర్చున్నాను.

మర్నాడు హులిగెమ్మకు సంగతి చెప్పి, పోలిక ఉంటుందని తిమ్మయ్య తమ్ముడు ఓబుళేశును కూర్చోబెట్టి ఫోటో తీశాడు. హులిగెమ్మ చెబుతుంటే మీసం ఒత్తుగా చేశాడు, బుగ్గలు తగ్గించాడు, కనుబొమ మీద గాటు పెట్టాడు. చెప్పిందల్లా కంప్యూటర్ ఇట్టే చేస్తోంది. ఎంత మార్చినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

"ఈయప్ప ఆయన గాదన్నా" అంది చివరికి.

"తప్పు నాదేనమ్మా. దీన్ని చెరిపేస్తా."

చంకలోని పాప తెర మీది ముఖం వైపు చెయ్యి చాపింది. హులిగెమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"చెరపద్దన్నా. ఆయన మొగం నాకు గుర్తుండాది. దీనికి శానా చిన్న వయసు, గుర్తుండదు. ఈయప్పనే నాయన అనుకుంటాదిలే, ఇయ్యి."

ఆ పటానికే దండ వేసి దినం చేశారు. తర్వాత అయ్యన్న ఒక్క ఫోటో కూడా చెరపలేదు. కంప్యూటర్ నిండిపోయి, ఉన్న గిరాకీ కూడా పోయి, స్టూడియో మూసేసి సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు చేరాడు. నాలుగేళ్లకు ఆ పాప బడిలో చేరింది. రోజూ ఆ పటం ముందు నిలబడి, "నాయనా, పోయొస్తా" అని చెప్పి పోయేదట.