పగడాల మీద దోమతెర

మా జువాలజీ మాస్టారు పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను రెడ్డిగూడెం తోటలో మామిడికాయ కోయిస్తున్నాను. కాలేజీ ప్యూను సైకిలు దిగి, బుట్టల మధ్యనుంచి నా దగ్గరకొచ్చి, "బాబాయ్, మాస్టారు తెల్లారగట్ల పోయారంట. సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకి తీసుకెళ్తారు" అన్నాడు. అప్పుడు నా చేతిలో కాయకోసే చిక్కం కర్ర ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

నేను ఏడో తరగతి దాకా మా ముసునూరు బడిలో చదివాను. రాయడం పెద్దగా అలవాటు లేదు. మాస్టారి గురించి నాలుగు మాటలు రాయమని కాలేజీ పత్రిక వాళ్లు అడిగారు. ఆయన లాబులో ఇరవై ఏళ్లకు పైగా అటెండరుగా చేశాను కాబట్టి ఆయన సంగతులు నాకే బాగా తెలుసునని వాళ్ల నమ్మకం. తెలుసు. నాకు తప్ప ఎవరికీ తెలియనిది కూడా ఒకటుంది. అది దాచిపెట్టి మిగతావి రాస్తే దొంగరాత అవుతుంది.

మాస్టారు బీకరులో టీ తాగేవారు. గ్లాసు తెచ్చిస్తే, "ఇందులో అయితే ఎంత తాగానో గీత చెబుతుందయ్యా" అనేవారు. కోపం వస్తే గట్టిగా అరవరు, కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. అది చూడగానే పిల్లలు గప్‌చిప్. "ముందు చూడు, తర్వాత ముట్టుకో" అన్నది రోజుకి పదిసార్లయినా వినేవాళ్లం. నేను ఆయనకంటే నాలుగేళ్లు పెద్ద. అందుకని నన్ను పేరుపెట్టి పిలవలేదు. ఎప్పుడూ "పెద్దాయనా" అనే.

మా లాబులో పగడపు జీవి అంటే ఫార్మలిన్ సీసాలో తెల్లటి ముద్ద. ఏటా పిల్లలు దాన్ని చూసి బొమ్మ గీసేవారు. మాస్టారికి అదొక బాధ. "సీసాలో ఉన్నది శవం, పెద్దాయనా. బతికున్నది విచ్చుకుంటే ఎలా ఉంటుందో ఈ మామిడితోటల పిల్లలకి ఒక్కసారి చూపించాలి. అది చూపించకుండా నేను పోను" అనేవారు. ఆ పోను అన్న మాట నాకు అప్పట్లో మామూలుగానే వినబడింది.

ఒక వేసవి సెలవుల్లో ఆయన వైజాగు వెళ్లి, సముద్రపు బండల కింద నీడలో అంటుకుని ఉండే మెత్తని పగడాలను రాతిముక్కలతో సహా తెచ్చారు. క్యానుల్లో సముద్రపు నీళ్లు కూడా రైల్లో తెచ్చారు. గాజు తొట్టి కట్టించి, నీళ్లలోకి గాలి ఊదే కరెంటు మిషను పెట్టి, పైన వీధుల్లో వేసే పెద్ద మెర్క్యురీ దీపం వేలాడదీశారు. మూడోరోజుకి అవన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ముడుచుకుపోయాయి. "మాస్టారి కాలీఫ్లవర్లు ఉడికాయిరోయ్" అని పిల్లలు నవ్వారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మరుసటి ఏడు మళ్లీ తెచ్చారు. దీపం వెయ్యబోతుంటే, ఎప్పుడూ నోరు విప్పని నేను విప్పాను.

"మాస్టారండీ, మేం మామిడి అంటుల్ని పందిట్లోంచి ఒకేసారి ఎండలో పెట్టమండి. ఆకులు మాడిపోతాయి. పందిరి మీద తాటాకు రోజుకి కొంచెం పల్చన చేస్తామండి."

ఆయన స్విచ్చి మీదనుంచి చెయ్యి తీసేశారు. "ఇరవై ఏళ్లుగా నా పక్కనే ఉండి ఈ ముక్క ఇప్పుడా చెప్పేది? ఎంత దుర్మార్గుడివయ్యా!" అని పెద్దగా నవ్వారు. ఆ సాయంత్రమే ఇంటినుంచి పాత దోమతెర పట్టుకొచ్చారు. అమ్మగారు గుమ్మంలోనే ఆపి, "దోమలు మనల్ని కుట్టినా ఫర్వాలేదు, చేపల్ని కుట్టకూడదా?" అని అడిగారట. "చేపలు కాదు, పగడాలు" అని చెప్పి వచ్చేశారట. దాన్ని ఎనిమిది మడతలు వేసి తొట్టిమీద పరిచాం. మూడురోజులకొక మడత తీయడం, ముడుచుకుంటే మళ్లీ వేయడం. అదీ లెక్క.

రెండు మడతలు తీసేసరికి అవి విచ్చుకున్నాయి. చొక్కా గుండీలంత ఆకుపచ్చ పూలు, చుట్టూ సన్నటి వేళ్లు. "పూలు కాదు, జంతువులు" అని ఆయన దిద్దినా నాకవి పూలే.

అప్పుడే మాస్టారికి కడుపులో నొప్పి ముదిరింది. విజయవాడ పెద్దాసుపత్రిలో ఆపరేషనన్నారు. వెళ్తూ, "మడతల లెక్క తప్పకు. తొందరేం లేదు" అన్నారు. వారం తర్వాత అమ్మగారు బట్టలకోసం వచ్చి, లాబు గుమ్మంలో నిలబడ్డారు. "అన్నయ్యగారూ, కోసి చూసి మళ్లీ కుట్టేశారండీ. ఏం చేసేది లేదన్నారు. ఆయనకి చెప్పలేదు. గురువారం పొద్దున బస్సుకి తీసుకొస్తాను" అన్నారు.

మా నర్సరీల్లో ఒక అలవాటుంది. బేరానికి ఎవరైనా వస్తే, అంటుల మీద పందిరి ఆకు మొత్తం లాగేసి మొక్క రంగు చూపిస్తాం. చూశాక మళ్లీ కప్పేస్తాం. గంటసేపు ఎండ తగిలితే ఏం కాదు. గురువారం పొద్దున నేను అదే చేశాను. అప్పటికి మిగిలిన నాలుగు మడతలూ తీసేసి, దీపం వేసి కూర్చున్నాను. ఆయన రాగానే నిండు వెలుతురులో చూడాలి. ఎన్నాళ్లుంటారో తెలియదు కదా.

పొద్దున బస్సులో రాలేదు. మధ్యాహ్నం బస్సులో వస్తారనుకున్నాను. సాయంత్రం బస్సు కూడా వచ్చి వెళ్లింది. ఇప్పుడు కప్పేస్తే సరిగ్గా అప్పుడే వస్తారేమోనని ఒకటే యావ. శుక్రవారం కూడా అలాగే కూర్చున్నాను. కుట్లు పచ్చిగా ఉన్నాయని డాక్టర్లు ఆపేశారని తర్వాత తెలిసింది. శుక్రవారం మధ్యాహ్నానికి పూల అంచులు పాలిపోయాయి. గబగబా ఎనిమిది మడతలూ కప్పాను. తొట్టి పక్కన నేలమీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. మాస్టారి యేసుప్రభువుకి కూడా మొక్కాను. శనివారానికి నీళ్లు కంపుకొట్టాయి.

శనివారమే మాస్టారు వచ్చారు. అమ్మగారి భుజం పట్టుకుని మెట్లెక్కి, తొట్టిలోకి వంగి చూశారు. నేను చెప్పాలి. ఈలోగా ఆయనే నావైపు తిరిగి, "కరెంటు పోయిందా, పెద్దాయనా? గాలి మిషను ఆగిపోయిందా?" అన్నారు.

తల ఊపాను. అంతే. నేను ఆడిన అబద్ధం ఆ తల ఊపడమే.

"నువ్వేం చేస్తావులే" అని నా భుజం తట్టారు. రిజిస్టరు తెమ్మని, మడతల పద్ధతి గురించి ఏమీ తేలలేదని, గాలి ఆగి చచ్చిపోయాయని ఇంగ్లీషులో రాసి సంతకం చేశారు.

ఆ తర్వాత ఆయన ఎనిమిది నెలలు బతికారు. నాకు రిటైర్మెంటు వచ్చినా వారానికోసారి ఇంటికి వెళ్లేవాణ్ణి, చెప్పేద్దామనే. వెళ్లినప్పుడల్లా మంచంమీద పరుచుకున్న తీగలు, మరలు. పాత కారు వైపరు మోటారుకి, ఆసుపత్రిలో అడిగి తెచ్చుకున్న బీపీ మిషను రబ్బరు బుడ్డి బిగించి, బ్యాటరీతో నడిచే గాలిపంపు తయారు చేస్తున్నారు. చేతులు వణికి మర జారిపోయేది. నేను వెతికి ఇచ్చేవాణ్ణి. "ఈసారి కరెంటు పోతే పోనీ. మన పగడాలకి ఏం కాదు" అనేవారు. లేని జబ్బుకి మందు నూరుతున్నారు ఆయన, మిగిలిన కాస్త ఓపికతో. చెబితే ఆ పని చేతిలోంచి జారిపోతుంది. చెప్పకపోతే ఆ ఓపికంతా బూడిదలో పోసినట్టు. కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి.

పత్రిక చదివే పిల్లలకి ఒక్కటే చెబుతున్నాను. రిజిస్టరులో ఆ పేజీ తప్పు. కరెంటు పోలేదు. గాలి ఆగలేదు. మడతల పద్ధతి సరైనదే, నేను చెడగొట్టాను. మీలో ఎవరైనా పగడాలు తెస్తే మూడురోజులకొక మడత తీయండి. ఎవరొస్తున్నా సరే, ఒకేసారి తీయకండి.

సమాధి అయిన మూడోరోజు అమ్మగారు కబురుపెట్టారు. తువ్వాల్లో చుట్టిన పంపు నా చేతిలో పెట్టి, "మీకే ఇమ్మన్నారండీ. మొన్న సోమవారమే పూర్తయింది. మీతో చెప్పమని మరీ మరీ చెప్పారు, ఇది ఆగదంట" అన్నారు. అప్పుడు కూడా తల ఊపాను.

ఇంటికొచ్చి పెరట్లో గేదెల కుడితితొట్టి కడిగి, మంచినీళ్లు నింపి, గొట్టం అందులో వదిలి, ట్రాక్టరు బ్యాటరీకి తీగలు తగిలించాను. రబ్బరు బుడ్డి ముడుచుకుంది, ఉబ్బింది. నీళ్లలో అడుగునుంచి ఒక బుడగ లేచింది. కాసేపటికి ఇంకొకటి. తొట్టిలో ఏమీ లేదు. పొద్దు వాలేదాకా ఎదురుగా కూర్చున్నాను. అది ఆగలేదు.