పుంగనూరు ఆవు, ఏడో ఎక్కం

ఆదివారం కదా అని ఈ రోజు మొదటి బస్సుకే మా పాపను బి.కొత్తకోటలో మా పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. వాళ్లకో పుంగనూరు ఆవుంది. ఎత్తు మా రెండో తరగతి పాప భుజం దాకా కూడా రాదు.

పెద్దమ్మ పాలు పితుకుతుంటే పాప కేకలు వేస్తూ పరిగెత్తింది. ఆవు బెదిరి పాలివ్వడం ఆపేసింది. పెద్దమ్మ కోప్పడలేదు.

"అరిస్తే అది పాలు సేపదమ్మా. ఈడికొచ్చి దాని గంగడోలు నిమురు, సూడు" అంది.

ఇంట్లో ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్ల, ఆవు మెడ కింద వేలాడే ఆ మెత్తటి తోలు నిమురుతూ చప్పుడు చేయకుండా నిలబడింది. ఆవు కళ్లు అరమోడ్చింది. కాసేపటికి చెంబులో మళ్లీ పాలధార చప్పుడు మొదలైంది.

సాయంత్రం మదనపల్లెలో మా ఇంటికి తిరిగొచ్చాక ఏడో ఎక్కం చెప్పమన్నాను. పాప మధ్యలో ఆగిపోయింది. అలవాటు ప్రకారం గొంతు పెంచాను. పాప దగ్గరికొచ్చి, నా గడ్డం కింద మెల్లగా నిమురుతూ, "అరిస్తే నాకూ రాదమ్మా" అంది.

ఎక్కం రేపటికి వాయిదా పడింది. నిజం చెప్పొద్దూ, నిమిరితే హాయిగానే ఉంది. మీ ఇళ్లల్లో మిమ్మల్ని నిమిరేవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక అందరూ అరిచేవాళ్లేనా?