వెనక సీటు నుంచి బదరీనాథ్

మేము మొదటిసారి బదరీనాథ్‌కు బయల్దేరినప్పుడు గుత్తి దాటి ఇరవై మైళ్లు కూడా పోలేదు. నడిరోడ్డు మీద బండితో సహా పడిపోయాం. అప్పటికి ఎనభైల దశకం మొదలై కొన్నేళ్లయింది. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. నాకు మేనమామ కొడుకు. అందుకే పెళ్లయి పదేళ్లయినా నేనింకా బావా అనే పిలిచేదాన్ని. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన మోటారుసైకిలు ఒకటి కొని, దాని మీద హిమాలయాలకు పోవాలని పట్టుబట్టాడు. మా అత్త ఒప్పుకోవడానికి కారణం ఒకటే. అది యాత్ర. బదరీనారాయణుడి పేరు చెబితే ఆమె నోరు మెదపదు.

ఆ మొదటిసారి మేము కట్టిన సామాను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెనక క్యారియర్ మీద ఇనుప ట్రంకు, దాని మీద రెండు పరుపుచుట్టలు, వాటిపైన స్పేర్ టైరు. కిరసనాయిలు స్టవ్వు ఒక పక్క, పది శేర్ల బియ్యం ఒక పక్క. మా అత్త ఇచ్చిన చింతకాయ తొక్కు జాడీని నేను ఒళ్లో పెట్టుకున్నాను. అనంతపురం దాటేసరికే ముందు చక్రం తేలిపోతున్నట్టుందని బావ అన్నాడు. గుత్తి దాటాక హ్యాండిలు అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. ఒక గుంటలో వెనక చక్రం ధన్ మని దిగింది. క్యారియర్ విరిగి ట్రంకు ఒక పక్కకు ఒరిగింది. బండి దానివెంటే పోయింది. మోచేతులు గీసుకుపోయాయి, తొక్కు రోడ్డుపాలయింది. ఇంకేమీ కాలేదు. శెనక్కాయల మిల్లుకు పోయే ఖాళీ లారీ ఒకటి మమ్మల్నీ బండినీ ఎక్కించుకుని, పొద్దు వాలకముందే మా వీధిలో దించింది.

వీధి వీధంతా బయటికొచ్చింది. "ఏమప్పా, అప్పుడే వచ్చినారే! స్వామి దర్శనం బాగా అయిందా?" అని ఎదురింటాయన అడిగాడు. బావ వారం రోజులు బండిని గోనెపట్టాల కింద కప్పేసి, ఆఫీసుకు సైకిలు మీద పోయాడు.

ఆ వారంలో నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పడిపోయామని కాదు. ఎందుకు పడ్డామో నాకు తెలుసనిపించేది, కానీ ఎవరూ నన్ను అడగలేదు. ఎనిమిదో రోజు నేనే గోనెపట్టాలు తీసేశాను.

"బావా, బండిని మేస్త్రి దగ్గరికి తీసుకుపోదాం పా. నేనూ వస్తా."

"నువ్వొచ్చి ఏం చేస్తావే?"

"ముందు కూర్చున్నోడికి రోడ్డు కనపడతాది. ఎనకాల కూర్చున్నదాన్ని నేను. బండి కింద ఏం జరుగుతాందో నాకు తెలుస్తాంది."

మేస్త్రి అరవై ఏళ్ల ముస్లిం పెద్దాయన. లారీలు, బస్సుల కింద బరువు మోసే కమాన్లు బాగుచేస్తూ జీవితమంతా గడిపాడు. మేము పోయేసరికి నమాజు చేసుకుని వచ్చి గ్యారేజీ ముందు నీళ్లు చల్లుతున్నాడు. బావ చెప్పిందంతా విని, నా వైపు తిరిగి "నువ్వు చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. గుంటలో పడ్డప్పుడు వెనకభాగం కింద దేనికో కొట్టుకుంటుందని, ఆ తర్వాత మూడు నాలుగుసార్లు పైకీ కిందికీ ఎగురుతుందని, అలా ఎగిరే లోపలే ఇంకో గుంట వస్తుందని, వచ్చిన ప్రతిసారీ హ్యాండిలు వణుకుతుందని.

మేస్త్రి నవ్వాడు. "ఇన్నేండ్లలో ఇంత బాగా ఎవురూ చెప్పలేదప్పా. డ్రైవర్లంతా బండి బాలేదంటారు, అంతే. చూడమ్మా, షాకబ్జర్‌లో రెండుంటాయి. స్ప్రింగు బరువు మోస్తాది. లోపల నూనె ఎగరకుండా పట్టుకుంటాది. మీ బండిలో నూనె సచ్చిపోయింది. స్ప్రింగు మీద మోయలేని బరువు ఏసినారు. అదీ యాడ ఏసినారు? చక్రానికి ఎనకాల, నెత్తిన. ముందు చక్రం తేలకుండా ఏం చేస్తాది?"

నెత్తిన అనగానే నాకు బిందెలు గుర్తొచ్చాయి. మా ఇళ్లల్లో నీళ్లకు మైలు దూరం నడిచినవాళ్లమే అందరమూ. నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని నడిస్తే మెడ ఎంత జాగ్రత్తగా ఉండాలో, చంకన ఒక్కటి పెట్టుకుంటే ఎంత సులువో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బరువు ఒంటికి దగ్గరగా, కిందుగా ఉండాలి. బండికీ అంతే.

మేస్త్రి వెనక షాకబ్జర్లు విప్పి లారీ పార్టుల అంగడి నుంచి తెచ్చిన చిక్కటి నూనె పోశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాల్లోనూ నూనె మార్చాడు. వెనక స్ప్రింగుల కింద మెట్లున్న చుట్టు ఒకటి ఉంటుంది. కొక్కెం పానాతో దాన్ని తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. ఎంత తిప్పాలో తెలియడానికి నేను పట్టుదారం ముక్క తీసుకున్నాను. వెనక మడ్‌గార్డు నుంచి చక్రం ఇరుసు దాకా దారం పట్టి, బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒక ముడి, మేమిద్దరం కూర్చున్నప్పుడు ఒక ముడి, సామానుతో కూర్చున్నప్పుడు ఇంకో ముడి వేశాను. చక్రం పైకీ కిందికీ ఆడే మొత్తం నడకలో మూడో వంతు కంటే ఎక్కువ కుంగితే గుంటల్లో దిగడానికి చోటు మిగలదని మేస్త్రి లెక్క. మా మూడో ముడి ఆ హద్దు దాటి చాలా దూరం పోయింది. అంటే సామాను తగ్గించాలి.

సామాను తూచడానికి ధర్మవరం పోయాను. మా పుట్టింటివాళ్లు పట్టుచీరలు నేసేవాళ్లు. పట్టు తూచే త్రాసు మా నాయన దూలానికి వేలాడేసి పెట్టాడు. నేను ఒక్కొక్క వస్తువూ అందులో పెడుతుంటే, మగ్గం గుంటలో కూర్చుని చూస్తున్న నాయన ఉండబట్టలేక అడిగాడు.

"యాత్రకు పోతాండావా, యాపారానికి పోతాండావా?"

"మూడు చీరలన్నా ఉండొద్దా నాయనా?"

"ఒకటి కట్టుకుంటావు, ఒకటి ఆరేస్తావు. మూడోది ఎవురికి?"

మూడో చీర తీసేశాను. ట్రంకు తీసేశాను, స్టవ్వు తీసేశాను. పరుపుచుట్టలు పోయి రెండు దుప్పట్లు వచ్చాయి. బియ్యం పోయి రాగిపిండీ బెల్లమూ వచ్చాయి. డెబ్బై కిలోల సామాను ముప్పై కిలోలు కూడా లేకుండా పోయింది. మిలిటరీ గుడ్డతో నేనే రెండు సంచులు కుట్టాను. అవి సీటుకు రెండు పక్కలా నా కాళ్ల వెనకే కిందుగా వేలాడతాయి. బరువైన పానాల మూటను బండి ముందు, ఇంజనుకు అడ్డంగా ఉండే కమ్మీకి కట్టాం. కుడిసంచీ ఎడమసంచీ త్రాసులో సమానంగా తూగేదాకా మార్చి మార్చి సర్దాను.

తర్వాత ఆదివారాలన్నీ పరీక్షలే. ఆ ఏడు వానలు రాలేదు. శెనక్కాయ చెట్టు జానెడు లేచి మాడిపోయింది. బావకు ఆదివారం పొలాల మోటార్ల గోల కూడా లేదు, బావుల్లో నీళ్లుంటే కదా మోటార్లు. సంచుల్లో ఇసుక నింపి యాడికి ఊరి వైపు, కదిరి మీదుగా నల్లమాడ వైపు పోయేవాళ్లం. రోడ్డు అనేది పేరుకే ఉన్న చోట్లు వెతికి మరీ పోయేవాళ్లం.

నల్లమాడ దగ్గర ఒక పల్లెలో నేను ఒక చెంబుడు నీళ్లు అడిగాను. ఇచ్చిన ఆమె నా ఈడుదే. నేను తాగకుండా చెంబును ఒళ్లో పెట్టుకుని బండెక్కితే ఆమెకు మండుకొచ్చింది.

"ఏమ్మా, నీళ్లు పారబోసేకి వచ్చినారా? ఈడ తాగేకే లేవు!"

సిగ్గేసింది. దిగి విషయం చెప్పాను. బండి ఎంత ఎగురుతుందో చూడాలని, ఊరి చివరి గుట్ట దాకా పోయి వస్తానని, మిగిలినవి తెచ్చి ఆమె కడవలోనే పోస్తానని. ఆమె నన్ను ఎగాదిగా చూసి "పోయిరా చూస్తాం" అంది. తిరిగొచ్చేసరికి సగం చెంబే మిగిలింది. నా చీరంతా తడి. ఆమె ఆ సగం కడవలో పోసుకుంది.

మేస్త్రి చెప్పినట్టు బావ స్ప్రింగు ఇంకో మెట్టు బిగించాడు. వెనక టైరులో గాలి కొద్దిగా పెంచాడు. సంచుల్ని రెండంగుళాలు ముందుకు జరిపి కట్టాం. పదిహేను రోజుల తర్వాత అదే పల్లెకు, అదే ఇంటికి పోయాం. ఈసారి ఇంటినుంచి రెండు క్యాన్ల నీళ్లు తెచ్చి ముందుగా ఆమె కడవలో పోశాం. అప్పుడు చెంబు నింపుకున్నాను. గుట్ట దాకా పోయి వచ్చి చూస్తే, అంచుకు ఒక వేలు కింద నీళ్లున్నాయి. ఆమె చెంబులోకి తొంగిచూసి, ఒక్క అరుపు అరిచి చుట్టుపక్కలవాళ్లను పిలిచింది. "సూడండి, ఈ మొగుడూ పెండ్లాము నీళ్లు తొణక్కుండా బండి తోలినారు!" బావ గడ్డం కింద చెమట తుడుచుకుంటూ నవ్వాడు. గుత్తి దగ్గర పడ్డాక అతను నవ్వగా చూడటం అదే మొదలు.

మరుసటి ఏడు ఎండాకాలంలో, చలికాలమంతా మూసి ఉండే గుడి తలుపులు తెరిచారని తెలిశాక బయల్దేరాం. కర్నూలు, హైదరాబాదు, నాగపూరు. తెల్లారకముందే లేచి, ఎండ ముదిరేలోపల ఎక్కడో ఒక చోట ఆగేవాళ్లం. నాగపూరు ఎండ మాకు కొత్తేమీ కాదు. ప్రతి ఉదయం బావ టైర్లలో గాలి చూస్తే, నేను దారం పట్టి ముడి చూసేదాన్ని. కట్ల కింద వేలు దూర్చి, వదులైతే బిగించేదాన్ని. ఝాన్సీ దాటాక ఒక రోజు బండి ఎడమకు లాగుతోందని నా నడుముకు తెలిసింది. దిగి చూస్తే, ముందురోజు కొన్న మామిడిపండ్లన్నీ బావ ఎడమసంచీలోనే కుక్కేశాడు. కొన్ని కుడిపక్కకు మార్చి, కొన్ని తినేసి బయల్దేరాం.

జోషిమఠం నుంచి పైకి రోడ్డు సన్నం. ఒక పక్క బండ్లు పోయేటప్పుడు ఇంకో పక్కవి ఆపేసే గేటు ఉండేది. ఆ గేటు దగ్గర బస్సుల వరసలో నిలబడినప్పుడు, మా ముందు ఒక పంజాబీ కుర్రవాడు మోటారుసైకిలు పక్కన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెనక క్యారియర్ విరిగింది. దాని మీద ట్రంకు, ట్రంకు మీద పరుపు. నేను బావ మొహం చూశాను, బావ నా మొహం చూశాడు.

మా వీధిలో సగం ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడతారు. దాంతోనే అతనితో మాట కలిపాను. అన్నీ దింపెయ్యమన్నాను. అతను బావ వైపు చూశాడు, ఈమె చెప్పేది వినాలా అన్నట్టు. బావ హిందీలో తనకొచ్చిన నాలుగు ముక్కలు కూడబలుక్కుని చెప్పాడు. "మేడమ్ బోల్తీ హై, కరో."

ట్రంకు అక్కడి టీ అంగడిలో వదిలేయించాను, దిగేటప్పుడు తీసుకోవచ్చని. అంగడాయన రెండు గోనెసంచులిచ్చాడు. బట్టలు రెండు భాగాలు చేసి, రెండు చేతులతో ఎత్తి తూచి, సీటుకు రెండు పక్కలా తాడుతో కట్టించాను. పానాలు ముందు కమ్మీకి. బావ అతని స్ప్రింగులు ఒక మెట్టు బిగించాడు. ఈలోగా బస్సు డ్రైవర్లు, యాత్రికులు చుట్టూ చేరారు. నేను సంచి సర్దుతుంటే పదిమంది మగవాళ్లు నోరు మూసుకుని చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. గేటు ఎత్తారు. కుర్రవాడు ముందు మెల్లగా పోయి, రెండు మలుపులు తిరిగాక వెనక్కి చూసి చెయ్యి పైకెత్తి ఊపాడు. హ్యాండిలు వణకలేదు.

గుడికి ఇంకా నాలుగైదు మైళ్లుండగా, కరిగిన మంచు వాగై రోడ్డుకు అడ్డంగా పారుతోంది. నీళ్ల కింద గుండ్రాళ్లు. ఒక లారీ డ్రైవరు ఆగి, "బహెన్‌జీ, ఉతర్ జావ్" అని అరిచాడు. బావ తల తిప్పకుండానే అడిగాడు.

"దిగుతావా మే?"

"దిగను. తోలు."

మొదటి రాయి మీద వెనక చక్రం ఎక్కింది, దిగింది, ఒక్కసారి కుంగి లేచి అంతటితో ఆగింది. రెండోది, మూడోది. చలినీళ్లు నా పాదాల మీద కొట్టాయి. అవతలి గట్టు ఎక్కగానే నేను పెద్దగా కేక పెట్టాను. నా నోట్లోంచి అలాంటి కేక వస్తుందని నాకే తెలియదు. వెనక నుంచి లారీ డ్రైవరు హారను మీద హారను కొట్టాడు.

పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. రోడ్డు పక్కన మంచు మనిషెత్తు గోడలా నిలబడి ఉంది. ఎండకు దాని అడుగునుంచి నీళ్లు కారి, ఎవరికీ అక్కర్లేనట్టు కాలవలో పోతున్నాయి. నేను బండి దిగి పిడికెడు మంచు తీసుకుని నమిలాను. పళ్లు జివ్వుమన్నాయి. బావ బండిని స్టాండు వేసి, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఏ కట్టూ వదులు కాలేదని చూసుకుని, వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇంత దూరం తెచ్చినావు," అన్నాడు.

"నువ్వు తోలినావు," అన్నాను.

"తోలేది ఎవురైనా తోల్తారు లేవే," అంటూ తనూ పిడికెడు మంచు తీసి నోట్లో వేసుకున్నాడు. గుడి గంటలు వినిపిస్తున్నాయి. దర్శనానికి తొందరేమీ లేదనిపించింది. ఆ ఎండలో, ఆ మంచు గోడకు ఆనుకుని, ఇద్దరం చేతులు మొద్దుబారేదాకా నిలబడి తిన్నాం.