మా మనవరాలి మణికట్టు

నా వయసు నాకు తెలియదు. కంపెనీకి తెలుసు. బొగ్గు బాయిలో చేరిన రోజు డాక్టరు నా నోరు తెరిపించి పళ్ళు చూశాడు, భుజం నొక్కాడు, ఒక వయసు రాశాడు. అంతకు ముందు మా అమ్మనడిగితే, పెద్ద వాన పడ్డ ఏడు పుట్టావంది. వానను నమ్మి ఎవడు ఉద్యోగమిస్తాడు? డాక్టరు రాసిన వయసుతోనే పనిచేశాను, దానితోనే రిటైరయ్యాను. నాకంటే చిన్నవాడనుకున్న తోటివాడొకడు నాకంటే ముందే దిగిపోయాడు. మా దగ్గర వయసంటే డాక్టరు చెప్పిందే.

అందుకే క్రికెట్ బోర్డు పిల్లల ఎముకను చూసి వయసు తేలుస్తుందని పేపర్లో చదివినప్పుడు నాకు వింతనిపించలేదు. నేను పిల్లల తండ్రినయ్యాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. ఆ వార్త మీద మాత్రం వేలు చాలాసేపు ఆగింది. అది మా ఇంటి సంగతి.

మా మనవరాలు ఎడమచేత్తో బంతిని తిప్పుతుంది. మా క్వార్టర్ల వెనక గ్రౌండులో నేర్చుకుంది. అక్కడ పిచ్ అంటే బాయిలో బొగ్గు మోసీ మోసీ అరిగిపోయిన రబ్బరు బెల్టు. దాన్ని పరిచి మేకులు కొట్టారు. పొద్దున సెకండ్ షిఫ్టువాళ్ళు ఆడతారు, సాయంత్రం ఫస్ట్ షిఫ్టువాళ్ళు. నైట్ షిఫ్టువాళ్ళు నిద్ర పాడైందని తిడతారు. పిల్ల రెండు పూటలా అక్కడే. డంపర్లు నడిపే మగవాళ్ళకు బంతి వేసీ వేసీ దానికి భయమన్నది పోయింది.

జిల్లావాళ్ళు చూశారు, బాగుందన్నారు, పైకి పంపారు. హైదరాబాదులో పదిహేనేళ్ళ లోపు ఆడపిల్లల జట్టుకు ఎంపిక. ఆడే ముందు ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు. ఎముక ఆ వయసు లోపే ఉంటే ఆట. దాటిందంటే పుట్టిన తేదీ ఏదైనా ఆ జట్టులో చోటు లేదు. వయసు దాచి ఆడించేవాళ్ళ వల్ల బోర్డు ఈ పద్ధతి పెట్టిందట. పెట్టనీ, తప్పేముంది?

కానీ మా కాలనీకి మెడికల్ అన్న మాట వినబడితే చాలు. కంపెనీ దవాఖానలో పరీక్షకు పోయే ముందు ఏం తినాలో, ఏం మానాలో ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక శాస్త్రం ఉంది. అదంతా మా వరండాలోకి వచ్చి కూర్చుంది.

"గుడ్లు బంద్ పెట్టు వదినె. గుడ్డుతోని ఎముక ముదురుతది," అంది నా భార్యతో పక్క క్వార్టరామె.

"బెల్లం పెట్టుండ్రి. బెల్లం లోపలి బొగ్గు దుమ్మును కడుగుతది," అన్నాడు నాతో పనిచేసిన ముసలాయన.

"పిల్ల లోపల దుమ్మేంది కాకా?" అని ఆమె నవ్వింది.

"అదంత నాకు తెల్వది. మేమైతే మెడికల్‌కు ముందు అదే తింటుంటిమి."

నా భార్య అందరి మాటా విన్నది. గుడ్డు పోయింది, పాలు పోయాయి, ఆదివారం కూర పోయింది. పిల్ల పచ్చిపులుసు అన్నం తిని గ్రౌండుకు పోవడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఆకలైతాంది."

"ఎక్స్‌రే అయినంక తిందువు. అప్పటిదాక జర ఆగుమని నీ ఎముకలకు చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. "ఏందే, పిల్లను మాడుస్తవా? నాలుగు దినాలు గుడ్డు తినకపోతె ఎముక వెనుకకు పోతదా?"

"నువ్వు ఊకో. నీ వయసే నీకెరుక లేదు, పిల్ల ఎముక సంగతి నీకేమెరుక?"

నేను పేపరు తీసుకుని వరండాలోకి పోయాను.

ఆదివారం చర్చిలో నా భార్య పాస్టరును పట్టుకుని, పిల్ల మణికట్టు కోసం ప్రార్థన చేయమంది. ఏ చెయ్యి అమ్మా అని ఆయన అడిగాడు. "ఎడమది అయ్యగారూ. కుడిదానికి ఫికర్ లేదు," అంది. ఆయన నవ్వు ఆపుకుని ఎడమ చేతికే ప్రార్థన చేశాడు.

మా కొడుక్కు డ్యూటీ తప్పక, పిల్లను నేనే హైదరాబాదు తీసుకుపోయాను. మా బావ, అంటే నా భార్య అన్న, పిలవకుండానే ఇస్త్రీ చొక్కాతో రామగుండం స్టేషనుకు వచ్చాడు. యూనియన్‌లో తిరిగిన మనిషి. ఎవరి పని ఆగినా ఆఫీసుకు పోయి మాట చెప్పడం ఆయన అలవాటు.

"డాక్టరుతోని ఒక్క మాట చెప్త బావా. ఇన్నేండ్లు గదే పని చేసిన," అన్నాడు రైలెక్కుతూ.

పరీక్ష దగ్గర ఆడపిల్లలు వరుసగా కూర్చున్నారు. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చారు. మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడి దగ్గరికి బావ పోయాడు.

"తమ్మీ, బొగ్గు బాయిల నుంచి వచ్చినం. కార్మికుని బిడ్డ. డాక్టరు సాబ్‌తోని జర మాట్లాడాలె."

"ఇక్కడ ఎక్స్‌రే తీస్తారంతే సార్. చూసే డాక్టర్లు వేరే ఊళ్ళో ఉంటారు. వాళ్ళకు నంబరు తప్ప పేరు కూడా తెలియదు."

"వాళ్ళ మీద ఎవరుంటరు?"

"బోర్డు."

"బోర్డు మీద?"

కుర్రవాడు కాస్త ఆలోచించి, "ఎవరూ లేరనుకుంటా సార్," అన్నాడు.

బావ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "గిసొంటి మేనేజుమెంటును నేనెన్నడు చూడలే బావా. ఎవరిని కలువాల్నో గూడ తెలుస్తలేదు."

టీవీలో ఆ బోర్డు పెద్దల మీటింగులు చూస్తే, వాళ్ళలో ఒక్కడూ ఒక పరుగు తీయగలిగేటట్టు కనబడడు. ఎవరిని ఎందుకు తీసేస్తారో నాకు అర్థం కాదు. కానీ ఆ రోజు వాళ్ళ మీద గౌరవం కలిగింది. మా పిల్ల చెయ్యి ఎవరిదో తెలియకుండా చూస్తారు. నా పళ్ళు చూసిన డాక్టరు నా మొహం కూడా చూశాడు మరి.

పిల్ల అరచేతిని బోర్లా పెట్టింది. వేళ్ళ సందుల్లో బెల్టు నలుపు ఇంకా పోలేదు.

కొన్నాళ్ళకు కొడుకు ఫోనుకు కబురు వచ్చింది. ఎముక దాటిపోయింది. పిల్ల అబద్ధమాడలేదు, డాక్టర్లు తప్పు చూడలేదు. కొందరికి ఎముక వయసుకంటే ముందు నడుస్తుందట. ఇక ఆ జట్టు లేదు. కావాలంటే పందొమ్మిదేళ్ళ లోపు ఎంపికకు రావచ్చు, అక్కడ ఎక్స్‌రే అడగరు అన్నారు. అంటే తనకంటే జానెడు పొడుగున్నవాళ్ళతో ఆడాలి.

పిల్ల మెట్ల మీద కూర్చుంది. పక్కన కూర్చుని, "నాకు గూడ డాక్టరే వయసు రాసిండు బిడ్డా. ఏమైంది? బతుకలేదా?" అన్నాను.

"నిన్ను పనిలకు తీసుకున్నరు తాతా. నన్ను తీసేసిండ్రు."

మా ఇంట్లో ఆడవాళ్ళతో మాటల్లో ఓడిపోవడం నాకు మామూలే.

లోపల గిన్నె చప్పుడైంది. నా భార్య ఉడికిన గుడ్లు పళ్ళెంలో పెట్టుకొచ్చి పిల్ల ఒళ్ళో పెట్టింది. ఆమె కళ్ళూ పిల్ల కళ్ళలాగే ఎర్రగా ఉన్నాయి.

"తిను. ఇగ నీ ఎముక ఎంతన్న పెరగనీ. పెద్ద పోరిలతోని ఆడాలంటె బలం ఉండాలె."

"నేను పోతనని ఎవరన్నరు?"

"పోవా?"

పిల్ల ఒక గుడ్డు తిన్నది. ఇంకొకటి తీసుకుని, "ఉప్పు తే అవ్వా," అంది. తిని, మూతి తుడుచుకుని, బంతి తీసుకుని గ్రౌండుకు పోయింది.

నా భార్య పళ్ళెం పట్టుకుని వెనకే నడిచింది, ఆమె వెనక నేను. ఎన్నడూ గ్రౌండు దాకా రాని మనిషి. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన డంపరు డ్రైవరు బ్యాటు ఊపాడు, పిల్ల వేసిన బంతి బెల్టు మీద పడి, పక్కకు తిరిగి, వాడి వెనక కట్టెలను కొట్టింది. అందరూ అరిచారు.

"ఏమైంది?" అని నా భార్య నన్నడిగింది.

"ఔట్ అయిండు."

"పిల్లనా?"

"కాదే, వాడు."

"అయితె దాన్ని ఇటు రమ్మను. ఇంకో గుడ్డున్నది."