పలకని చిప్, మూడో ఏడాది గ్రాంటు

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాలుగో బోర్డుకు కూడా ల్యాబ్‌లో కరెంటు ఇచ్చి చూశాం. మా చిప్ పలకలేదు. మొదటి మూడు బోర్డుల్లోనూ అంతే. మీటరు మీద సున్నా.

మాది ఒక విశ్వవిద్యాలయంలో, సెమీకండక్టర్ పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుతో నడిచే చిన్న ప్రాజెక్టు. గుండె నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పట్టుకుని పెద్దది చేసే చిప్‌ను ఇక్కడే డిజైన్ చెయ్యాలి. అది గుండీ అంత బ్యాటరీ మీద రోజుల తరబడి నడవాలి. పనిచేసేది మా సార్, ఇద్దరు పీహెచ్‌డీ అమ్మాయిలు, నేను. నాది ప్రాజెక్టు ఉద్యోగం, గ్రాంటు ఉన్నంతవరకే నేనూ ఉంటాను. పదకొండేళ్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అవే పాఠాలు చెప్పి చెప్పి, నలభై దగ్గరపడుతుండగా అది వదిలేసి ఇందులోకి వచ్చాను. "ఉన్న ఉద్యోగం మానేసి మూడేళ్ల ఉద్యోగానికి వెళ్తావటే?" అని మా అమ్మ అప్పట్లో వారం రోజులు ముభావంగా ఉంది.

మొదటి ఏడాది డిజైన్‌కే సరిపోయింది. రెండో ఏడాదిలో ఎక్కువ భాగం చిప్పులు తయారుచేసే కర్మాగారంలో మా వంతు కోసం ఎదురుచూడటంతోనే గడిచింది. మాలాంటి వాళ్ల డిజైన్లు కొన్ని కలిపి ఒకే సిలికాన్ పలక మీద వేస్తారు. ఆ విడత తప్పిపోతే మళ్లీ ఎప్పుడో. వేలిగోరు కంటే చిన్నవైన ఆ నల్లటి చిప్పులు వచ్చిన రోజు సార్ అందరికీ మైసూర్‌పాక్ పంచారు. వాటిలో నాలుగింటిని బయట ఇచ్చి, తలా ఒక బోర్డు మీద అతికించి తెప్పించుకున్నాం. సోమవారం ఢిల్లీ నుంచి సమీక్ష కమిటీ వస్తోంది. చిప్ పనిచేస్తుందని చూపిస్తే మూడో ఏడాది నిధులు వస్తాయి, లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

చిప్ లోపల కరెంటు నడిచే దారులన్నీ గీసింది నేనే. అందుకే అందరూ నా వంకే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు.

"తప్పు బోర్డుదో చిప్‌దో ఇంకా తేలలేదమ్మా. అప్పుడే నీ మీద వేసుకోకు," అన్నారు సార్. బోర్డులు అతికించిన చోట అడిగితే, మళ్లీ చూసి ఇవ్వడానికి వారం పడుతుందన్నారు. ఆ పని చేసే సామాను మా ల్యాబ్‌లో లేదు. సార్ ఒక బోర్డు నా చేతిలో పెట్టి, ఇంటి దగ్గర నిదానంగా డిజైన్‌తో సరిచూడమన్నారు.

శనివారం పొద్దున కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమైందే? రెండోసారి పెట్టిన కాఫీ కూడా చల్లారిపోయింది."

"చిప్ పలకట్లేదమ్మా. నేనే ఎక్కడో తప్పు గీసుంటాను."

"ఆ తప్పు కనపడిందా?"

"లేదు."

"కనపడని తప్పుకి ఏడుపెందుకు? లే. నా ఫోన్ బాగుచెయ్యడానికిచ్చి నాలుగు రోజులైంది, వెళ్లి పట్రా. కాస్త గాలి తగిలితే బుర్ర పనిచేస్తుంది."

బోర్డును ఇంట్లో వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. మీటరుతో సహా సంచిలో వేసుకుని బయల్దేరాను.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. నా చిన్నప్పుడే గుంటూరు వైపు నుంచి వచ్చేశాం. మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఆ ఫోన్ల షాపు ఉంటుంది. నడిపేది ఒక అక్క. నల్గొండ వైపు పల్లె నుంచి పెళ్లయి వచ్చి, భర్త దగ్గర పని నేర్చుకుంది. ఇప్పుడు ఆయన బడంగ్‌పేట్‌లో ఇంకో షాపు చూసుకుంటాడు. ఆయనకంటే ఈమె చేతి పనే బాగుంటుందని సందులో అందరూ అంటారు.

నేను వెళ్లేసరికి ఆమె మైక్రోస్కోపు మీద వంగి ఎవరిదో ఫోన్ లోపలి బోర్డు చూస్తోంది.

"జర కూసోండి మేడం. అమ్మగారి ఫోన్ అయిపోయింది. గిది చూసి ఇస్తా."

ఆమె పక్కన మీటరు ముల్లు సున్నా మీద ఉంది. చెక్కపుల్ల తీసుకుని ఒక చిప్ మీద మెల్లగా ఒత్తింది. ముల్లు లేచింది. వదిలితే పడిపోయింది.

"అదేంటక్కా, ఒత్తితే లేస్తోంది?"

"ఐసీ మంచిగనే ఉంది మేడం. కింద అతుకు ఊడింది. ఒత్తితే తగుల్తది, ఇడిస్తే పోతది. మస్తు మంది ఐసీ సచ్చిందని పారేస్తరు."

నేను కూర్చున్న స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. మా చిప్‌కు పొట్టకింద చిన్న లోహపు పలక ఉంటుంది. లోపలికి వెళ్లిన కరెంటు తిరిగి బయటికి రావడానికి అదొక్కటే దారి. అది బోర్డుకు అతుక్కోకపోతే చిప్ ఎంత మంచిదైనా పలకదు. అతుక్కుందో లేదో పైనుంచి చూస్తే తెలియదు.

సందు మొగలోకి వెళ్లి సార్‌కు ఫోన్ చేశాను. ప్రాజెక్టు బోర్డును ఫోన్ల షాపులో చూపించవచ్చా అని అడగడానికే సిగ్గేసింది. ఆమె ఏం చేస్తుందని ఆయన అడిగితే చెప్పాను. "ఒత్తి చూడటమే కదా. చూపించు. నువ్వు పక్కనే ఉండు," అన్నారు.

అక్క బోర్డును అటూ ఇటూ తిప్పింది. "గిదేం ఫోన్‌ది మేడం?"

"ఫోన్‌ది కాదక్కా. మేమే చేసిన చిప్. గుండె కొట్టుకోవడం చదవడానికి."

"ఐసీ మీరే చేసిన్రా? గివన్నీ చైనాల్నే చేస్తరనుకున్న." ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని మళ్లీ పట్టుకుంది.

మా చిప్ తీసుకునే కరెంటు ఆమె మీటరుకు అందనంత తక్కువ. అందుకని బోర్డు మీది గుండీ బ్యాటరీ దారిలో నా మీటరు కలిపాను. ఆమె ఒత్తింది. సున్నా. పుల్లను కాస్త మూలకు జరిపి మళ్లీ ఒత్తింది. మీటరులో అంకెలు కదిలాయి. కాగితం మీద మేము లెక్కగట్టిన అంకెకు దగ్గరగా వచ్చి నిలబడ్డాయి. వదిలితే సున్నా. ఒత్తితే మళ్లీ అవే అంకెలు.

"ఏడుస్తున్నరేంది మేడం? పలికింది గద!"

నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

అతుకు సరిచేయించనా అని సార్‌కు మళ్లీ ఫోన్ చేశాను. ఆయన సరేనన్నారు. అక్క బ్యాటరీ తీయించి, చిప్ చుట్టూ అతుకు పట్టడానికి పేస్ట్ పూసి, వేడిగాలి గొట్టం అందుకుంది. కాసేపటికి చిప్ ఒక్క క్షణం తేలినట్టు కదిలి తన చోట కుదురుకుంది. "ముట్టకుండ్రి, సల్లారనీయండి," అంది. చల్లారాక బ్యాటరీ పెట్టాం. ఎవరూ ఒత్తకుండానే పలికింది.

మధ్యాహ్నానికి సార్ మిగిలిన మూడు బోర్డులూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని స్వయంగా వచ్చారు. ఆ స్టూలు మీద ఆయన మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చోవడం ఇప్పటికీ గుర్తొస్తుంది. రెండు బోర్డులు బతికాయి. మూడోదానికి వేడెక్కువై బోర్డు మీది రాగి గీత లేచిపోయింది. అక్క మొహం చిన్నబోయింది. "నా చేతిల పోయింది సార్."

"మూడు బతికించారమ్మా. ఆ ఒక్కదాని సంగతి వదిలెయ్యండి," అన్నారు సార్.

ఆదివారమంతా కొలతలు తీశాం. పీహెచ్‌డీ అమ్మాయిల్లో ఒకరు చేతులకు తీగలు తగిలించుకుని కదలకుండా కూర్చుంటే, ఆ పిల్ల గుండె చప్పుడు తెర మీద గీతగా సాగింది. మేము మాట ఇచ్చినంత శుభ్రంగా లేదు. నాయిస్, అంటే గీతలో కలిసే గజిబిజి, కాస్త ఎక్కువే ఉంది. అయినా అది గుండె చప్పుడే.

సోమవారం కమిటీ ముందు వివరించే పని సార్ నాకే అప్పగించారు. బోర్డుల కథ చెప్పాలా వద్దా అని పొద్దున అడిగితే, "జరిగింది జరిగినట్టు చెప్పు," అన్నారు. చెప్పాను. కమిటీకి పెద్ద అయిన ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి అడిగింది, "బాగుచేసింది ఎవరు?"

"మా ఇంటి దగ్గర ఫోన్లు బాగుచేసే ఒకావిడ, మేడం."

ఆమె నవ్వలేదు. ఏదో రాసుకుంది. చివర్లో ఫైలు మూస్తూ, "నాయిస్ ఎందుకు ఎక్కువుందో మూడో ఏడాదిలో తేల్చండి," అంది. మూడో ఏడాది అన్న మాట చెవిన పడ్డాక ఆమె ఇంకేం చెప్పిందో నాకు వినపడలేదు.

సాయంత్రం మెట్రోలో సీటు దొరికింది. మూసారాంబాగ్ దాకా గుర్తుంది. తర్వాత ఎవరో భుజం తట్టారు.

"మేడం, లాస్ట్ స్టేషన్. దిగుండ్రి." సెక్యూరిటీ అమ్మాయి. ఎల్బీ నగర్. దిల్‌సుఖ్‌నగర్ ఎప్పుడు దాటిందో తెలియలేదు. కిందికి దిగి, జిల్లాల బస్సులు ఆగేచోట ఒక టీ తీసుకున్నాను. సూర్యాపేట, నల్గొండ అని అరుపులు, సామాన్లతో పరుగెత్తేవాళ్లు. వాళ్లను చూస్తూ చాన్నాళ్లకు వేడి టీ వేడిగా తాగాను. అమ్మ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే?"

"ఎల్బీ నగర్‌లో."

"అక్కడేం పని నీకు?"

"మెట్రోలో నిద్రపోయానమ్మా."

"అయితే గట్టెక్కావన్నమాట," అంది.

మంజూరు ఉత్తరం రావడానికి రెండు నెలలు పట్టింది. గ్రాంటులో శిక్షణ కోసమని కొంత ఉంటుంది. దానికింద రెండు రోజులు ల్యాబ్‌కు వచ్చి పిల్లలకు అతుకుల పని నేర్పమని సార్ అక్కకు ఆహ్వానం రాయించారు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

"గీ నిపుణురాలు అంటే నేనేనా?"

"నువ్వేనక్కా."

"నేను ఇంటర్ కూడ సదువలే మేడం. గవర్నమెంటోళ్లు ఏమనరు గద?"

"ఏమీ అనరు."

రెండు రోజులూ షాపు మూసి, తన మైక్రోస్కోపు తానే మోసుకుని వచ్చింది. మొదటి గంట నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. తర్వాత ఒక ఎంటెక్ పిల్లాడు చిప్‌ను తలకిందులుగా పెట్టాడు. "అరె, గట్ల కాదు!" అని ఆమె వాడి చేతిలోంచి పట్టకారు లాక్కుని కుర్చీలో కూర్చుంది. అందరూ ఆమె చుట్టూ మూగారు.