ఇసుక బస్తాల బదులు మేము

ఐర్లండులో పని లేని ముసలివాళ్ళు గోల్ఫ్ ఆడతారని మా అమ్మాయి చెప్పింది. అబద్ధం. వాళ్ళు పాత ట్రామ్‌ను ఉప్పుకాగితంతో రుద్దుతారు. నేనూ రుద్దాను కాబట్టి తెలుసు. అరవయ్యో ఏటికి దగ్గరలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కొక్కటీ కూడబలుక్కుని రాస్తాను, అబద్ధాలకు ఓపిక చాలదు.

డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో మా పక్క ఫ్లాటు అబ్బాయి మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. శనివారాలు ఊరవతల ఒక షెడ్డుకు పోయి, ఎప్పుడో ఆగిపోయిన కరెంటు ట్రామ్‌కు వైర్లు కలుపుతాడు. "ఇంట్ల కూసొని ఏం జేస్తరు ఆంటీ, రండి" అని నన్నూ కారెక్కించాడు. "జీతం లేని కొలువుకు ఇంజనీరెందుకురా" అన్నాను గానీ, వెళ్ళాను. కిటికీలోంచి వాన చూడటం కన్నా నయం.

షెడ్డులో నా పక్క స్టూలు మీద కూర్చునేది అందరికంటే పెద్దాయన. నాకంటే కూడా. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఇదే ట్రామ్‌లో సముద్రానికి పోయేవాడట. అక్కడున్నవాళ్ళలో ఆ బండి ఎక్కినవాడు ఆయన ఒక్కడే; మిగతావాళ్ళది పుస్తకాల జ్ఞానం. వేసవి అయ్యాక కూతురు ఆయన్ని దేశానికి ఆ చివర ఉన్న తన ఊరికి తీసుకుపోతోంది. ఆలోపు ఒక్కసారి ఎక్కాలని ఆయన కోరిక. నోరు తెరిచి అడిగేవాడు కాదు. బండి వైపు చూసి "ఆల్‌మోస్ట్" అనేవాడు, అంతే.

మోటారు వసంతంలోనే తిరిగింది. పైన కరెంటు తీగ లాగారు, బ్రేకులూ పట్టాలూ తనిఖీ అయ్యాయి. మిగిలింది రంగు. రంగు పడని బండి షెడ్డు గడప దాటకూడదని వాళ్ళ నియమం. రంగు ఆకుపచ్చే అని అందరూ ఒప్పుకున్నారు. ఏ ఆకు అన్నదే గొడవ. రిటైరయిన మాస్టారిది ఒక పచ్చ, వడ్రంగిది ఇంకో పచ్చ. నా కంటికి ఒకటి కరివేపాకు, ఒకటి గోంగూర. ఉన్న ఫోటోలన్నీ నలుపు తెలుపు. ఇద్దరూ చెక్కముక్కల మీద రంగు పూసి పెద్దాయనకు చూపించారు. ఆయన ఇద్దరితోనూ "గ్రాండ్" అన్నాడు, అంటే బాగుందని. ఈ దేశంలో కాలు విరిగినవాడు కూడా గ్రాండ్ అనే అంటాడు. వీళ్ళు మాత్రం చెరో సాక్ష్యం దొరికిందని మురిసిపోయారు.

అట్లా ప్రతి శనివారం టీ, బిస్కెట్లు, పచ్చ. బండి మాత్రం బూడిదరంగు ప్రైమర్‌లో, స్నానం చేయించి బట్టలు తొడగడం మరిచిపోయిన పిల్లలా నిలబడి ఉండేది. ఆగస్టు వచ్చింది. పెద్దాయన తన పనిముట్లు పెట్టెలో సర్దుకోవడం చూశాను.

ఆ రోజు టీ దగ్గర మా ఇంజనీరును పిలిచాను.

"నేను జెప్పేది ఇంగ్లీషుల చెప్పు. పెండ్లికొడుకు ముసలోడైతుండు, మీరింక పెండ్లిబట్టల కాడనే ఉన్నరు అను."

వాడు గొంతు సవరించుకుని, రంగు విషయంలో మీ శ్రద్ధను ఆంటీ మెచ్చుకుంటున్నారు అన్నాడు.

ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు. "నేను గట్ల అనలే."

"అట్ల చెప్తే బాగుండదు ఆంటీ. ఫీలైతరు."

"ఫీలైతే కానీ. ఈయన ఫీలైతున్నడా అని ఎవలన్న అడిగిన్రా?"

నేనే లేచి, పెద్దాయనను చూపించి, "హీ గోయింగ్. ట్రామ్ నాట్ గోయింగ్" అన్నాను. మాస్టారు కప్పులోకి చూసుకున్నాడు. వడ్రంగి టీలో ముంచిన బిస్కెట్టు పైకి తీయడం మరిచిపోయాడు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. "నాదేముంది మిస్సెస్, నేను గ్రాండ్‌గానే ఉన్నాను" అన్నాడు.

అయినా నియమం నియమమే. చివరికి సందు వెతికింది మా ఇంజనీరు. ప్రయాణానికైతే రంగు కావాలి గానీ బరువు పరీక్షకు అక్కర్లేదట. సీట్ల మీద మనుషుల బదులు ఇసుక బస్తాలు పెట్టి నడిపి చూస్తారట. మాస్టారూ వడ్రంగీ ఎన్నో నెలల తర్వాత ఒక మాట మీదికి వచ్చారు.

తర్వాతి శనివారం బస్తాలు మోస్తూ అందరూ నడుములు పట్టుకున్నారు. "మనుషుల బదులు బస్తాలైతే, బస్తాల బదులు మనుషులు గారా?" అన్నాను. ఈసారి మా వాడు ఉన్నదున్నట్టే చెప్పాడు. కిటికీ పక్కన రెండు బస్తాలు దించి, అక్కడ పెద్దాయననూ నన్నూ కూర్చోబెట్టారు.

వడ్రంగి తోలాడు. ట్రామ్ మూలిగి కదిలింది. దూరం ఎంతని, పొలం గట్టు వెంట కంచె దాకా. సైకిలు మీద ఇంకా త్వరగా పోవచ్చు. పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బయటి ఆవులను సముద్రాన్ని చూసినట్టు చూశాడు. వంపులో చక్రాలు కీచుమంటే, తెలిసిన గొంతు విన్నట్టు తల ఊపాడు.

కంచె దగ్గర ఆగాక మాస్టారు ఉండబట్టలేక అడిగాడు. "ఇప్పుడన్నా గుర్తొచ్చిందా, ఏ పచ్చో?"

"నాకెట్లా తెలుస్తుంది? కిటికీ సీటు కోసం పరుగెత్తేవాణ్ణి. రంగు బయట కదా ఉండేది" అన్నాడు పెద్దాయన.

మాస్టారు దిగి, పైన తీగను తాకే కడ్డీని తాడుతో లాగి వెనక్కి తిప్పాడు. ఈ బండి తిరగదు, కడ్డీయే తిరుగుతుంది. వచ్చిన దారినే షెడ్డుకు చేరాం. పెద్దాయన సీట్లోంచి లేవలేదు.

"బరువు పరీక్ష ఒక్కసారికే తేలుతుందా?" అని వడ్రంగిని అడిగాడు.

"తేలదు" అన్నాడు వడ్రంగి, బండి తోలే హ్యాండిలు ఊడదీసి చేతబట్టుకుని బండి అవతలి చివరికి నడుస్తూ.

సాయంత్రం దాకా తేలలేదు.