బ్యాకప్ లేని ప్లగ్గు

మా కింది ఫ్లాట్ అంకుల్ పోయారు. ఆ కబురు మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకరు ఆలస్యమవుతుందన్న మెసేజికీ ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న తగువుకీ మధ్యన వచ్చింది. ఘాజియాబాద్‌లో మా చావు కబుర్లు ఇలాగే వస్తాయి. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్య ఎవరో కొత్తవాళ్లు "వో ప్లగ్‌వాలే అంకుల్?" అని అడిగారు. అవును, ఆ ప్లగ్గు అంకులే. అది చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆఫీసు క్యాబ్‌లో నోయిడా దాకా ఏడుస్తూనే ఉన్నాను.

మా టవర్‌లో సగం మందికి ఆయన ఆ పేరుతోనే తెలుసు కాబట్టి ముందు ఆ ప్లగ్గు సంగతే చెప్పాలి. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో కరెంటు పోతే లిఫ్టుకీ మెట్ల దగ్గర దీపాలకీ మాత్రమే జనరేటరు ఉండేది. ఒక వేసవిలో జనం గోల పడలేక, ఇళ్లన్నిటికీ బ్యాకప్ లైను వేయిస్తామని కమిటీవాళ్లు మీటింగు పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంకుల్ లేచి, తన హాల్లో ఒక్క ప్లగ్గును మాత్రం ఆ లైనుకు కలపొద్దని వినయంగా కోరారు. సెక్రటరీకి బుర్ర తిరిగింది. ఎందుకు వద్దంటున్నారని అడిగితే, "ముఝే బిజ్‌లీ జానీ చాహియే" అన్నారు అంకుల్. నాకు కరెంటు పోవాలండీ అని. మీటింగంతా ఘొల్లుమంది. వైరింగుకు వచ్చిన ఎలక్ట్రీషియన్ భయ్యా కూడా నమ్మలేక, అంకుల్ భార్య ఆంటీని మరోసారి అడిగి మరీ ఆ తీగను వదిలేశాడు.

అంకుల్‌ది గోదావరి వైపు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్స్‌లోనే గడిచింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, సెక్షన్‌లో టైపు చేసే ఆవిడ పొద్దుటినుంచీ ఎక్కించినదంతా గాల్లో కలిసిపోయిందట. "ఆవిడ ఒక్క మాట అనలేదమ్మా. వెళ్లి నీళ్లు తాగొచ్చి మళ్లీ మొదటినుంచీ మొదలెట్టింది. తిట్టినా బాగుండేది" అనేవారు. ఆ సాయంత్రం క్వార్టర్‌కి వచ్చి మొదలుపెట్టిన ప్రోగ్రాం పని మొన్నమొన్నటిదాకా ఆగలేదు.

ఆయన రాసింది ఒక డేటాబేస్ లైబ్రరీ. వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే ప్రోగ్రాం ముక్కను మా వృత్తిలో లైబ్రరీ అంటాం. పెద్ద కంపెనీల డేటాబేసులు ఎక్కడో వేరే యంత్రంలో ఉంటాయి, ఏం కావాలన్నా అక్కడికి కబురు పెట్టాలి. అంకుల్‌దానికి ఆ ఆర్భాటం లేదు. ఎంత చిన్న పరికరంలోనైనా ఇమిడిపోతుంది, ఇచ్చింది ఒక ఫైల్లో రాసిపెడుతుంది, అడిగితే తీసిస్తుంది. ఆంటీకి దీన్ని ఆయన వంటింటి భాషలో చెప్పారట, చిటికెడు ఆవాలకోసం కిరాణా కొట్టుకు పరిగెత్తక్కర్లేకుండా పొయ్యి పక్కనే ఉండే పోపులడబ్బా అని. ఆంటీ ఆ పేరే ఖాయం చేసేశారు. నేను వెళితే, "మీ అంకుల్ పోపులడబ్బా దగ్గరున్నారు, కూర్చో" అనేవారు.

దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఎక్కడెక్కడినుంచో తప్పులు చూపిస్తూ ఉత్తరాలు వచ్చేవి. కొన్నింట్లో మర్యాద తక్కువగా ఉండేది. అందరికీ ఒకేలా, మీరు శ్రమపడి చెప్పినందుకు సంతోషం అని జవాబు రాసేవారు. పాత ఫైళ్ల విషయంలో మాత్రం మొండితనం. ఎంత కొత్తగా మార్చినా మొట్టమొదటి ఫైలు తెరుచుకోవాలి. ఆ మొదటి ఫైల్లో ఉన్నవి క్వార్టర్స్‌లో ఆంటీ పెట్టిన ఊరగాయల జాడీల వివరాలు. ఏ మార్పు చేసినా ముందు ఆ ఫైలు తెరిచి మాగాయ ఏ అరలో ఉందో అడిగేవారు. ఆ జాడీ పగిలిపోయి చాలా కాలమైంది. అయినా పై అరలో కుడిపక్కన ఉందనే జవాబు రావాలి, వస్తేనే ఆయనకు స్థిమితం.

నాకు ఆయన పరిచయమైంది లిఫ్టులో. నాది వరంగల్. నోయిడాలో ఒక చిన్న కంపెనీలో పని. ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు దాచే ఫ్రిజ్‌లు ఉంటాయి కదా, వాటిలో వేడి ఎంతుందో నిమిషం నిమిషం రాసిపెట్టే పరికరం మేం చేస్తాం. కరెంటు పోయినప్పుడల్లా మా పరికరం రాసింది మర్చిపోతోందని ఫోన్‌లో ఎవరితోనో గొడవపడుతున్నాను. లిఫ్టు దిగాక అంకుల్, "తెలుగమ్మాయివా? టీ తాగి వెళ్దువుగాని రా" అన్నారు. ఆ టీ అయ్యేసరికి మా పరికరంలోకి ఏ లైబ్రరీ వెళ్లాలో తేలిపోయింది.

"రాశాను అన్నావంటే రాసి ఉండాలి" అనేది ఆయన తరచూ అనే మాట. చాలా కంప్యూటర్లు పని త్వరగా అయినట్టు కనిపించడానికి, ఇంకా రాయకుండానే రాసేశామని చెబుతాయి. కరెంటు ఉన్నంతసేపూ ఆ సంగతి బయటపడదు. అంకుల్ లైబ్రరీ అక్షరం నిజంగా దిగాకే ఔనంటుంది. అది నిజమో కాదో చూడాలంటే రాస్తూ ఉండగా కరెంటు పోవాలి, ఆ ప్లగ్గు ఉన్నది అందుకు. స్విచ్చి మీరే తీసి చూసుకోవచ్చు కదా అని అడిగాను ఓసారి. "నేను తీస్తే దొంగాట అయిపోతుందమ్మా. ఎప్పుడు తీస్తానో నాకు తెలుసు కదా. ఈ ఘాజియాబాద్ కరెంటుకైతే దాని బుద్ధి దానికే తెలీదు" అన్నారు.

ఆ ప్లగ్గుకు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరూ దానికో చిన్న తెరా ఉండేవి. అది ఆయన గది వేడిని రాస్తూ, తెరమీద గీతగా చూపిస్తూ ఉండేది. కరెంటు పోగానే మా ఇళ్లన్నీ ఒకసారి రెప్ప కొట్టినట్టయి జనరేటరు మీద మళ్లీ వెలిగేవి. అంకుల్ హాల్లో ఆ తెర ఒక్కటే చీకటిగా ఉండిపోయేది. ఆయన పండగొచ్చినట్టు టీ గ్లాసు పట్టుకుని దాని ముందు కుర్చీ వేసుక్కూర్చునేవారు. ఇక్కడ కరెంటు పోయిందని సంతోషించే మనిషిని నేను ఆయన్నే చూశాను. ఆంటీకి మాత్రం ఆ ప్లగ్గంటే మంట. హాల్లో మిక్సీకి వీలైన ప్లగ్గు అదొక్కటే, సరిగ్గా పచ్చడి సగంలో ఉండగా కరెంటు పోయేది.

రెండేళ్లు మా పరికరాలు బాగానే నడిచాయి. పోయిన ఏడాది ఒక పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో చాలాసేపు కరెంటు పోయింది. అలాంటప్పుడు ఆదుకోవడానికని మా పరికరంలో అప్పటికే చిన్న బ్యాటరీ పెట్టాం, అదీ చివరికి అయిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే, ఫ్రిజ్ వేడెక్కుతూ ఉన్న ఆ గంటలే ఫైల్లో లేవు. తప్పు లైబ్రరీదేనని ఆఫీసులో అందరూ తేల్చేశారు. అప్పటికి అంకుల్‌కి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. చెప్పడానికి నోరు రాలేదు. చివరికి చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే, పరికరంలో వాడిన మెమొరీ కార్డులు తెచ్చివ్వమని.

ఆయన ఓపిక ఆస్పత్రికి వెళ్లి రావడానికే సరిపోయేది. అందుకని ప్లగ్గు పీకే పని ఆంటీ మీద పడింది. కరెంటు పోయేదాకా ఆగే తీరిక లేదు, అందుకే ఈసారికి దొంగాట ఒప్పుకున్నారు. ఆయన ఆస్పత్రి మంచం మీదనుంచి ఫోన్‌లో చెబుతుంటే, ఆంటీ ఒక్కో కార్డు పెట్టడం, ప్లగ్గు లాగడం, మళ్లీ పెట్టి తెర చదివి వినిపించడం. నేను సాయంత్రం వెళ్లేసరికి ఆంటీ కళ్లజోడు సర్దుకుంటూ, "ఈ కార్డులు వట్టి అబద్ధాలకోర్లు. రాశామని చెప్తాయి, రాయవు" అన్నారు. ఆమె మొహంలో అలసటకన్నా గర్వమే ఎక్కువ కనిపించింది. కంపెనీ ఆ రకం కార్డులు కొనడం మానేసింది. అయితే పోయిన గంటలు తిరిగి రావు కదా.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. జిల్లా అధికారులకు మా గ్రాఫులు చూపించాల్సిన రోజు దగ్గర పడింది. మా మేనేజరు చెడ్డవాడు కాడు, భయస్తుడు. గ్రాఫులో ఆ ఖాళీ ఉంటే కంపెనీ పరువు పోతుందని, ముందున్న అంకెకూ తర్వాతున్న అంకెకూ మధ్య గీత గీసి పూరించమన్నాడు. లైబ్రరీలోనే అలాంటి సదుపాయం పెట్టించమన్నాడు. మధ్యాహ్నం డయాలసిస్ గదికి వెళ్లాను. అంకుల్ ఒక చెయ్యి యంత్రానికి ఇచ్చేసి, రెండో చేత్తో కీబోర్డు నొక్కుతున్నారు.

"అంకుల్, మావోళ్లు ఆ ఖాళీ నింపమంటున్నరు. ముందు ఎంతుందో తెలుసు, తర్వాత ఎంతుందో తెలుసు, నడుమ గీత గీస్తే అయిపాయె అంటున్నరు" అన్నాను.

"గీయడం ఎంతసేపమ్మా, సాయంత్రానికి అయిపోతుంది" అన్నారు. కీబోర్డు మీంచి చెయ్యి తీశారు. "ఆ గీత చూసి, అక్కడ పిల్లలకి సూది వేసే అమ్మాయి ఏమనుకుంటుంది? ఎవరో చూశారు, రాశారు, ఫరవాలేదు అనుకుంటుంది. ఇంక టీకాల డబ్బా తెరిచి చూడదు. ఖాళీ కనబడితేనే కదా అనుమానం వచ్చేది."

మా మేనేజరు ఒప్పుకోడని చెప్పాను.

"ఒప్పుకోకపోతే మీ ప్రోగ్రాంలో మీరే గీసుకోవచ్చు, నన్నడగక్కర్లేదు. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. తెలీంది తెలీదనే రాయాలమ్మా."

కోప్పడలేదు, బతిమాలలేదు. ఆయన కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. తేల్చుకునే పని నామీద పెట్టి, ఆయన మళ్లీ ఒక చేత్తో టైపు చేసుకోవడంలో పడిపోయారు. నేను ఆఫీసుకు వెళ్లి ఖాళీ ఖాళీగానే ఉంటుందని చెప్పాను. చాలా వాదన జరిగింది. మీ పాపకు టీకా వేయించే చోట మీకు ఎలాంటి గ్రాఫు కావాలని మేనేజర్ని అడిగాను. అతను గ్రాఫు మూసేసి, "ఠీక్ హై, ఛోడ్ దో" అన్నాడు, సరే వదిలెయ్ అని. ఆ ఖాళీకి పసుపు రంగు వేసి, తెలియదు అని హిందీలో రాశాం. అధికారులు దాని గురించి ఒకటి రెండు ప్రశ్నలు అడిగి ఊరుకున్నారు.

మా పరికరాలన్నిటిలోకీ ఆ పసుపు ఖాళీ వెళ్లింది. కొన్నాళ్లకు వేరే కేంద్రంనుంచి ఒక నర్సు దీదీ ఫోన్ చేసింది. పొద్దున చూస్తే గ్రాఫులో పసుపు కనబడిందని, డబ్బా తెరిచానని చెప్పింది. టీకా సీసాలమీద వేడి తగిలితే రంగు మారే చిన్న గుర్తు ఉంటుంది. కొన్నిటికి మారిందట, పక్కన పెట్టేసిందట. అదే రోజు వెళ్లి అంకుల్‌కి చెప్పాను. అప్పటికి ఆయన మాట బాగా సన్నబడింది. "తెరిచి చూసిందా?" అన్నారు. చూసిందన్నాను. మళ్లీ, "తెరిచి చూసిందా?" అన్నారు. తర్వాత కళ్లు మూసుకున్నారు, పెదాలమీద నవ్వు మాత్రం అలాగే ఉంది. నాతో ఆయన ఆడిన చివరి మాట అదే.

పెద్ద కర్మ అయిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. గురుగ్రామ్‌లో ఉండే వాళ్లమ్మాయి ఎలక్ట్రీషియన్ భయ్యాను పిలిపించింది. తెలుగు అర్థమవుతుంది గానీ ఆమె హిందీలోనే జవాబిస్తుంది. అమ్మ ఒక్కతే ఉంటుంది, అన్ని ప్లగ్గులూ బ్యాకప్‌కి కలిపేస్తే ఇబ్బంది ఉండదని ఆమె ఆలోచన. అందులో తప్పేమీ లేదు. భయ్యా గోడ దగ్గర కూర్చుని స్క్రూ విప్పుతుండగా కరెంటు పోయింది.

ఫ్యాను ఒక్క క్షణం తడబడి మళ్లీ తిరిగింది. ఆ చిన్న తెర ఒక్కటే ఆరిపోయింది. ఆంటీ వంటింట్లోకి వెళ్లి టీ గ్లాసుతో వచ్చి, ఆయన కుర్చీ జరుపుకుని ఆ తెర ముందు కూర్చున్నారు. భయ్యా స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది. చాలాసేపటికి ఆ చిన్న కంప్యూటరు మీద పచ్చ దీపం వెలిగింది. ముందు పాత గీత వచ్చింది, కరెంటు పోయిన క్షణం దాకా ఒక్క చుక్క కూడా పోకుండా. ఆ తర్వాత కొంత ఖాళీ. ఖాళీకి ఇవతల మళ్లీ కొత్త గీత మొదలైంది.

కూతురు వంగి చూసి, "మమ్మీ, యే బీచ్ మే ఖాలీ క్యోం హై?" అని అడిగింది, మధ్యలో ఈ ఖాళీ ఎందుకుందని.

"అప్పుడేమయిందో దానికి తెలీదు. తెలీదని చెప్తోంది. మీ నాన్న దానికి అలా నేర్పారు" అన్నారు ఆంటీ. తర్వాత భయ్యావంక తిరిగి, "రహనే దో, భయ్యా" అన్నారు, అలాగే ఉండనివ్వమని.

అతను సగం విప్పిన స్క్రూ మళ్లీ బిగించాడు. ఆంటీ తెరమీద ఆ ఖాళీ దగ్గర వేలు ఆనించి, కొత్త గీత కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతుంటే చూస్తూ కూర్చున్నారు.